ఒక్క తెగుడుకు మూడు నోడ్‌లు మాయం కావు

ప్రశ్న: ఏడు నోడ్‌ల (ఊరూరా పెట్టిన ఫైబర్ యంత్రాల) ఎస్‌టీఎమ్-16 రకం ఆప్టికల్ ఫైబర్ రింగు నిర్వహణలో పనిచేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగిని. గేట్‌వే, అంటే బయటి నుంచి మిగతా నోడ్‌లను చేరే ద్వారం, కాకినాడలో ఉంది. అక్కడి నుంచి యానాం, ముమ్మిడివరం, అమలాపురం, రావులపాలెం, రాజమహేంద్రవరం, సామర్లకోట మీదుగా మళ్లీ కాకినాడకు చుట్టు. గత నెల రోడ్డు తవ్వుతుంటే యానాం, ముమ్మిడివరం మధ్య కేబుల్ తెగింది. తెగిన నిమిషంలోనే ముమ్మిడివరం, అమలాపురం, రావులపాలెం ఎన్‌ఎమ్‌ఎస్ (నోడ్‌లను దూరం నుంచి గమనించే వ్యవస్థ) తెర మీద బూడిదరంగుకు మారాయి, అంటే అందకుండా పోయాయి. ట్రాఫిక్ మాత్రం ఆగలేదు. కేబుల్ అతికించాం, ముమ్మిడివరంలో పాడైన లైను కార్డు మార్చాం. అయినా ఆ మూడూ ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి. మూడు చోట్లా కంట్రోల్ కార్డు (యంత్రాన్ని అదుపు చేసే కార్డు) తీసి మళ్లీ పెట్టమని మా పైవారు అంటున్నారు. చేయమంటారా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దండీ. నడుస్తున్న యంత్రంలో కార్డు పీకడం ఎంత తేలికో, తరవాత సంజాయిషీ రాయడం అంత కష్టం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే కంట్రోల్ కార్డు అనుకుని పక్క కార్డు లాగాను. అది లైన్లను ఒకదానితో ఒకటి కలిపే క్రాస్‌కనెక్ట్ కార్డు, దానికి బదులు పనిచేసే జోడీ లేదు. ఊరు మొత్తానికి లైన్లు పోయాయి. కొన్ని యంత్రాల్లో ఆ రెండు పనులూ ఒకే కార్డు చేస్తుంది, అక్కడ ఇంకా ప్రమాదం.

ఒక కాగితం మీద గుండ్రంగా గీత గీసి ఏడు చుక్కలు పెట్టండి. చేతి గాజు ఒక్కచోట విరిగితే ముక్క ఒకటే. రెండు ముక్కలు చేతికొచ్చాయంటే రెండు చోట్ల విరిగినట్టే. కాకినాడ నుంచి ప్రతి నోడ్‌కూ రెండు దారులున్నాయి. యానాం వైపు తెగితే రాజమహేంద్రవరం వైపు నుంచి ఆ మూడింటినీ చేరాలి. చేరలేకపోయారంటే ఆ వైపు దారి అంతకుముందే మూసుకుపోయి ఉంది. ఎక్కడ? బతికున్న చివరి నోడ్‌కూ కనబడని మొదటి నోడ్‌కూ మధ్య, అంటే రాజమహేంద్రవరం, రావులపాలెం మధ్య. అక్కడ ఫైబర్ తప్పు లేదు. తెగిన రాత్రి మీ ట్రాఫిక్ అంతా ఆ దారినే నడిచింది కదా. మూసుకుపోయింది డీసీసీ ఒక్కటే, అంటే నోడ్‌ల మేనేజ్‌మెంట్ మాటలు నడిచే దారి.

ఈ డీసీసీ వేరే తీగ కాదు. అదే వెలుగులో, ప్రతి ఫ్రేములోని (డేటా మూటలోని) ఓవర్‌హెడ్‌లో, అంటే ట్రాఫిక్ కాని అదనపు భాగంలో, కొన్ని బైట్లు. సెకనుకు 8000 ఫ్రేములు కాబట్టి ఒక్కో బైటు 64 కిలోబిట్లు. డీ1 నుంచి డీ3 వరకు మూడు బైట్లు కలిస్తే 192, డీ4 నుంచి డీ12 వరకు తొమ్మిది కలిస్తే 576 కిలోబిట్లు. ఈ బైట్లను వాడాలని పోర్టుకు చెప్పకపోతే ట్రాఫిక్ హాయిగా పోతూనే ఉంటుంది, మేనేజ్‌మెంట్ మాత్రం ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పైగా డీసీసీ పనిచేయకపోతే అలారం వస్తుంది కాని, అసలు తెరవనే లేదంటే యంత్రానికి ఫిర్యాదేమీ ఉండదు. అందుకే మీకు ఇన్నాళ్లూ తెలియలేదు. ఎవరో ఎప్పుడో రావులపాలెంలోనో రాజమహేంద్రవరంలోనో కార్డు మార్చి డీసీసీ తెరవడం మరిచిపోయి ఉంటారు. మీరు కూడా ముమ్మిడివరంలో చేసింది అదేనని నా అనుమానం. చాలా కొత్త కార్డుల్లో అది మూసే ఉంటుంది.

కారు ఎక్కేముందు కాకినాడలో కూర్చునే ఒక పని చేయండి. యానాం నోడ్‌లోకి లాగిన్ అయి పొరుగు నోడ్‌ల జాబితా చూడండి. ముమ్మిడివరం ఉండదు. రాజమహేంద్రవరంలో చూడండి, రావులపాలెం ఉండదు. ఈ రెండు చోట్లా డీసీసీ తెరిచి ఉందా, ఏ బైట్ల మీద ఉందా రాసుకోండి. మూసి ఉంటే అక్కడి నుంచే తెరవండి. ఒక చివర డీ1-డీ3, రెండో చివర డీ4-డీ12 పెట్టినా మాట కలవదు.

తరవాత ముమ్మిడివరం వెళ్లండి. ల్యాప్‌టాప్‌ను నోడ్ లాన్ పోర్టుకు తగిలించండి. కనబడకుండా పోయిన మూడు నోడ్‌లూ ఒక లంకలా ఉన్నాయి. ఆ లంకలో ఎక్కడ దిగినా మిగతా రెండూ చేతికి అందుతాయి. అక్కడే కూర్చుని ముమ్మిడివరంలో యానాం వైపు పోర్టు, అమలాపురం మీదుగా వెళ్లి రావులపాలెంలో రాజమహేంద్రవరం వైపు పోర్టు, రెండూ సరిచేయవచ్చు. మూడు ఊళ్లు తిరగక్కరలేదు.

ఒక్క జాగ్రత్త. రావులపాలెంలో పొరపాటున అమలాపురం వైపు పోర్టును ముట్టుకున్నారంటే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. పోర్టులకు తూర్పు, పడమర అని పేర్లు పెడతాం కాని వాటికీ సూర్యుడికీ సంబంధం లేదు. అవతలి నోడ్ పేరు చూసి మార్చండి, దిక్కు చూసి కాదు.

తెరిచాక కూడా పొరుగు కనబడకపోతే మీ యంత్రం ఏ పద్ధతిలో మాట్లాడుతుందో చూడాలి. ఐపీ, ఓఎస్‌పీఎఫ్ (నోడ్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) అయితే రెండు చివరలా ఏరియా నంబరు, హలో (నేనున్నానని పొరుగుకు పంపే పలకరింపు) వ్యవధి ఒకటే ఉండాలి. పాత ఓఎస్‌ఐ పద్ధతి అయితే డీసీసీ లింకుకు ఒక చివర నెట్‌వర్క్, రెండో చివర యూజర్ అని పెట్టాలి. రెండూ ఒకటే పెట్టి రోజంతా తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

అంతా పచ్చగా కనబడగానే ఇంటికి వెళ్లిపోకండి. కాకినాడ నుంచి యానాంలోకి వెళ్లి ముమ్మిడివరం వైపు డీసీసీని కాసేపు మూయించండి. ఓఎస్‌పీఎఫ్‌లో మామూలుగా హలో 10 సెకన్లకొకటి, 40 సెకన్లు రాకపోతే పొరుగు లేనట్టు లెక్క. కాబట్టి ఒక నిమిషం ఆగి చూడండి. అన్ని నోడ్‌లూ రాజమహేంద్రవరం దారిన కనబడితే రెండో దారి నిజంగా ఉన్నట్టు. మళ్లీ తెరిచి, అప్పుడు టీ తాగండి.

ప్రశ్న: మా డీడబ్ల్యూడీఎమ్ (ఒకే ఫైబర్‌లో చాలా రంగుల వెలుగులు నడిపే) రింగులో ఒక సెక్షన్‌లో ట్రాఫిక్ బాగానే ఉంది, ఓఎస్‌సీ (మేనేజ్‌మెంట్ కోసం విడిగా నడిచే వెలుగు) మాత్రం పడిపోయింది. ఫైబర్ మంచిదైతే ఇది ఎలా సాధ్యం?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ట్రాఫిక్ 1530 నుంచి 1565 నానోమీటర్ల మధ్య నడుస్తుంది. ఓఎస్‌సీ సాధారణంగా 1510 దగ్గర, ఆ పట్టీకి బయట ఉంటుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచదు. ప్రతి నోడ్‌లోనూ ఫిల్టరు దాన్ని విడదీసి, చిన్న ప్యాచ్‌కార్డు (జోడింపు ఫైబర్ తీగ) గుండా ఓఎస్‌సీ కార్డుకు ఇస్తుంది. అంటే ఊళ్ల మధ్య ఫైబర్ రెండింటికీ ఒకటే అయినా, రాక్‌లోని ఆ జానెడు ప్యాచ్‌కార్డు ఓఎస్‌సీకి మాత్రమే. ముందు అక్కడ చూడండి. రెండు చివరలా ఓఎస్‌సీకి అందుతున్న పవర్ ఎంతో చదివి, పాత రీడింగుతో పోల్చండి. ఒక దిశలోనే తగ్గితే ఆ దిశ ప్యాచ్‌కార్డు తీసి, కొనను సూక్ష్మదర్శినిలో చూసి శుభ్రం చేయండి. చొక్కా అంచుతో తుడవకండి. లేజరు ఆపకుండా కొన వైపు కన్ను పెట్టకండి, అది కంటికి కనబడని వెలుగు.

ప్రశ్న: గేట్‌వే పక్కన ల్యాప్‌టాప్ పెడితే నోడ్‌లన్నీ పింగ్‌కు (ఉన్నావా అని అడిగే పలకరింపుకు) పలుకుతాయి. ఆఫీసు నుంచి గేట్‌వే ఒక్కటే పలుకుతుంది. ఎందుకు?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ ఉత్తరం చేరుతూ ఉండవచ్చు, జవాబు రాసేవాడి దగ్గర మీ చిరునామా లేకపోవచ్చు. ఆఫీసు నెట్‌వర్క్‌కు తిరుగు దారి గేట్‌వేకు తెలుసు, లోపలి నోడ్‌లకు తెలియదు. గేట్‌వేలో ఉన్న స్టాటిక్ రూటును (చేత్తో రాసిపెట్టిన ఆ దారిని) ఓఎస్‌పీఎఫ్ ద్వారా లోపలికి ప్రకటించేలా పెట్టండి. అప్పటికీ పలకకపోతే తప్పు ఇటు వైపు ఉంది: నోడ్‌ల చిరునామాలకు గేట్‌వే మీదుగా వెళ్లాలన్న దారి మీ ఆఫీసు రౌటర్‌లో ఉందో లేదో చూడండి.