సింగిల్ బ్యారెల్ బర్బన్‌లో ప్రత్యేకత ఏముంది? నాకెందుకు తేడా తెలియలేదు?

ఆఫీసులో బహుమతిగా వచ్చిన ఫోర్ రోజెస్ సింగిల్ బ్యారెల్ సీసాను సోడా, ఐస్‌తో తాగానని, మామూలు విస్కీకీ దానికీ తేడా కనిపించలేదని రాశారు. తేడా ఉంది, కానీ సోడా పోశాక అది దొరకడం కష్టం. నేను చాలా ఏళ్లుగా అమెరికాలోని సిన్సినాటిలో ఉంటున్నాను. నది దాటితే బర్బన్‌కు పేరున్న కెంటకీ రాష్ట్రం. ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ మీలాగే తాగేవాణ్ని, మన దగ్గర విస్కీ అంటే అదే అలవాటు కదా.

ముందు ఆ పేరు సంగతి. బర్బన్ అంటే మొక్కజొన్న ఎక్కువగా వాడి చేసే అమెరికా విస్కీ. మామూలు బర్బన్ సీసాలో ఎన్నో పీపాల విస్కీ కలిసి ఉంటుంది. ఎప్పుడు కొన్నా ఒకే రుచి రావాలని అలా కలుపుతారు. సింగిల్ బ్యారెల్ అంటే మీ సీసాలో ఉన్నదంతా ఒక్క పీపాలోంచి వచ్చిందే. 1984లో కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎల్మర్ టి. లీ అనే ఆయన బ్లాంటన్స్ పేరుతో ఇలాంటి బర్బన్‌ను మార్కెట్లోకి తెచ్చాక ఈ పద్ధతికి పేరొచ్చింది.

బర్బన్‌కు అమెరికా చట్టంలో నియమాలున్నాయి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిల్వ చేయాలి. రంగు గానీ రుచి గానీ బయటి నుంచి కలపకూడదు. అంటే ఆ ఎర్రటి రంగంతా చెక్క ఇచ్చిందే. ఎండాకాలం వేడికి విస్కీ చెక్కలోకి ఇంకుతుంది, చలికి మళ్లీ వెనక్కి వస్తుంది. ఏళ్ల తరబడి ఇదే జరుగుతుంది. ఒక చెట్టు చెక్క ఇంకో చెట్టు చెక్కలా ఉండదు కాబట్టి పక్కపక్కనే ఉన్న రెండు పీపాలు కూడా ఒకేలా రావు. ఫోర్ రోజెస్ వాళ్లు పైకీ కిందకీ వేడిలో తేడా రాకూడదని ఒకే అంతస్తు గోదాములు వాడతారు. అయినా పీపాకీ పీపాకీ తేడా ఉంటూనే ఉంటుంది.

ఇది నాకు చదివితే అర్థం కాలేదు, తాగి చూస్తేనే తెలిసింది. మీ దగ్గరున్న రకమే ఓసారి రెండో సీసా కొన్నాను. మొదటిదాంట్లో పండిన పండ్ల తీపి ముందుకొచ్చేది. రెండోదాంట్లో ఆ తీపి వెనక్కి తగ్గి లవంగం, మిరియం ఘాటు పైకొచ్చాయి. లేబుళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే పీపా నంబర్లు వేరు. ఆ సాయంత్రం నుంచి నాకు ఈ బర్బన్ మీద నిజమైన ఇష్టం మొదలైంది.

ఇక తాగే తీరు. భోజనానికి ముందే కూర్చోండి. ఆవకాయ తిన్న నాలుకకు ఇందులో ఏమీ అందదు. వంటింట్లో పోపు వేస్తున్నప్పుడూ వద్దు, ఆ ఘుమఘుమ ముందు ఏ విస్కీ నిలబడదు. మూతి సన్నగా ఉన్న గ్లాసులో 30 మిల్లీలీటర్లు పోసి పది నిమిషాలు వదిలేయండి. ఇది 50 శాతం ఆల్కహాల్, ముక్కు గ్లాసులో పెట్టేస్తే మంట తప్ప ఇంకేమీ తెలియదు. గ్లాసును గడ్డం దగ్గర పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి మెల్లగా వాసన చూడండి.

ఇంగ్లీషులో రాసే వాసనల పేర్లు పట్టుకుని వెతక్కండి. నాకు మొదట తగిలింది అరిసెల కోసం బెల్లం పాకం పడుతున్నప్పటి వాసన. తర్వాత వెనిలా, నారింజ తొక్క, కాస్త ఎండుకొబ్బరి. మీకు ఇంకేదైనా గుర్తు రావచ్చు, అదీ సరైనదే.

మొదటి గుక్క నోరు తడపడానికే, దాన్ని బట్టి ఏదీ తేల్చుకోవద్దు. రెండో గుక్కను నాలుగైదు సెకన్లు నోట్లో తిప్పి మింగండి. ముందు మొక్కజొన్న తీపి, తర్వాత ఘాటు. ఈ రకంలో రై (గోధుమలాంటి ఒక ధాన్యం) గింజలు 35 శాతం, బర్బన్‌లో అది ఎక్కువే, అందుకే ఆ మిరియం కారం. మింగాక ఎంతసేపు రుచి నిలుస్తుందో గమనించండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

తర్వాత నాలుగైదు చుక్కల నీళ్లు వేసి మళ్లీ వాసన చూడండి. మంట తగ్గి పండ్ల వాసన బయటికొస్తుంది. ఐస్ మాత్రం మొదటిసారి వద్దు, చల్లబడితే వాసనలు ముడుచుకుపోతాయి.

మీ లేబుల్ మీద గోదాము నంబరు, పీపా నంబరు ఉంటాయి, రాసి పెట్టుకోండి. వీలైతే సీసా అడుగున రెండు పెగ్గులు మిగిల్చి, త్వరలోనే అదే పేరుతో వేరే పీపాది కొని రెండూ పక్కపక్కన పోసి చూడండి. మరీ నెలల తరబడి ఆగొద్దు, సగానికి పైగా ఖాళీ అయిన సీసాలో గాలి తగిలి రుచి మారుతుంది.