అమ్మాయి క్లారినెట్ కోసం బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది వరంగల్ కాశీబుగ్గ. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు బ్యాండ్ మేళం నడుపుతున్నాను, క్లారినెట్ వాయిస్తాను. మా అమ్మాయికి చెన్నైలో పాశ్చాత్య సంగీతం చదవడానికి సీటు వచ్చింది. మూడేళ్ల కోర్సు. ప్రస్తుతం ప్లాస్టిక్ క్లారినెట్ మీద సాధన చేస్తోంది. మొదటి ఏడాది పూర్తయ్యేలోగా చెక్క వాయిద్యం ఉండాలని అక్కడి మాస్టారు చెప్పారు. దుకాణంలో అడిగితే బఫే ఆర్13 రూ.4,20,000, యమహా వైసీఎల్-450 రూ.1,80,000 అన్నారు. బ్యాంకులో రూ.1,50,000, ఇంట్లో 8 తులాల బంగారం ఉన్నాయి. రూ.2 లక్షల చిట్టీలో 20 నెలలకు 6 నెలలు కట్టాం. ఇప్పుడు పాట రూ.50,000 దాకా పోతోంది. ఇంటి ఖర్చు నెలకు రూ.25,000. ఫీజుకు, హాస్టల్‌కు విద్యా రుణం అడుగుతున్నాం. చిట్టీ పాడి, కొంత బంగారం కుదువ పెట్టి ఒకేసారి మంచిది కొనేయమని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు? పెళ్లి బాజా వాయించేవాడి కూతురని అక్కడ చిన్నచూపు చూస్తారేమోనన్న భయమూ ఉంది.

జవాబు: ముందు మూడు మాటలు చెబుతాను. బంగారం జోలికి వెళ్లకండి. చిట్టీ ఇప్పుడు పాడకండి. ఆర్13 ఈ ఏడాది కొనకండి. చెక్క క్లారినెట్ మాత్రం కొనాల్సిందే, అందులో మాస్టారు చెప్పింది సరైన మాట. ఏది కొనాలి, ఎప్పుడు, ఏ డబ్బుతో అన్నవి తేల్చుకుంటే చాలు.

మీ బావమరిది చెప్పినట్టు చేస్తే ఏమవుతుందో చూద్దాం. చిట్టీ పాడితే చేతికి వచ్చేది లక్షన్నర. బ్యాంకులోని లక్షన్నర కలిపినా ఇంకా రూ.1,20,000 తక్కువ. అది బంగారం మీద తెచ్చి, నూటికి రూపాయి వడ్డీ అనుకుంటే నెలకు రూ.1,200. డివిడెండు పోను చిట్టీ వాయిదా రూ.8,000 దాకా ఉంటుంది. ఇంటి ఖర్చు కలిపితే నెల తిరిగేసరికి రూ.34,200 కావాలి, బ్యాంకులో మాత్రం రూపాయి ఉండదు. ఇప్పుడు ఆషాఢం. మీకు బయానాలు రావు. శ్రావణంలో నాలుగు పెళ్లిళ్లు దొరికినా వెంటనే భాద్రపదం, తర్వాత పుష్యం. మధ్యలో మూఢం వస్తే చేతిలో ఉన్న ముహూర్తాలూ పోతాయి. మేళంలో ఉన్న మిగతా వాళ్లకు మీరు ఇవ్వాల్సిన కూలి ఈ లెక్కలో లేనే లేదు. నెలజీతం ఉన్నవాళ్లకు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమని చెబుతుంటాను. మీ వృత్తికి అయిదు నెలలది ఉండాలి.

చిట్టీ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఇప్పుడు పాడితే లక్షన్నర కోసం యాభై వేలు వదులుకుంటున్నారు. డివిడెండు రూపంలో కొంత తిరిగి వస్తుంది, నిజమే. అయినా అది ఖరీదైన అప్పే. అదే పదిహేనో నెల దాకా ఆగితే పోటీ తగ్గుతుంది. పాట రూ.20,000కు దిగిందంటే చేతికి రూ.1,80,000 వస్తుంది, కట్టాల్సినవి అయిదు వాయిదాలే మిగులుతాయి. ఆరు నెలలు కట్టారు కాబట్టి పదిహేనో నెల అంటే వచ్చే ఫాల్గుణం ప్రాంతం. అప్పటికి మాఘమాసం పెళ్లిళ్ల డబ్బూ కొంత చేతికందుతుంది. మాస్టారు పెట్టిన గడువూ దాటదు.

ఇక వాయిద్యం. మీరు వాయించేది మీరట్‌లో తయారైన పాత పద్ధతి క్లారినెట్ అయి ఉంటుందని నా ఊహ. మన బ్యాండ్లలో ఎక్కువగా కనిపించేవి అవే. అమ్మాయి చేతిలో ఉన్నది బోహ్మ్ పద్ధతిది, 17 మీటలు, 6 రింగులు. 1844లో పారిస్‌లో క్లోజే, బఫే కలిసి పేటెంటు తీసుకున్న అమరిక అది. వైసీఎల్-450లోనూ, ఆర్13లోనూ ఉన్నది అదే. ఏది కొన్నా వేళ్లు కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు. తేడా చెక్క ఎంపికలో, లోపలి రంధ్రాన్ని తొలిచిన తీరులో, స్వరాలు ఎంత సమంగా పలుకుతాయన్న దానిలో ఉంటుంది. ఆర్13 గొప్ప వాయిద్యమే. 1955 నుంచి ప్రపంచంలో ఎన్నో ఆర్కెస్ట్రాలలో దాన్ని వాయిస్తున్నారు. కానీ మొదటి ఏడాది విద్యార్థి పెదవుల పట్టు, ఊపిరి తీరు మాస్టారి చేతిలో మారుతాయి. ఈ రోజు నచ్చిన వాయిద్యమే రెండేళ్ల తర్వాతా నచ్చుతుందన్న హామీ లేదు. నాలుగు లక్షల నిర్ణయాన్ని ఆ మార్పుకు ముందు తీసుకోకూడదు.

దుకాణంవాళ్లు సాధారణంగా చెప్పని ఖర్చు ఇంకొకటుంది. ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లకు మామూలు బి-ఫ్లాట్ శ్రుతి క్లారినెట్ ఒక్కటే సరిపోదు, ‘ఎ’ శ్రుతి క్లారినెట్ కూడా కావాలి. 1791లో మొజార్ట్ రాసిన క్లారినెట్ కన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రా తోడుగా క్లారినెట్ ముందుండి వాయించే రచన, ఉండేది ఆ శ్రుతిలోనే. చివరి ఏడాది అమ్మాయికి అది అవసరపడవచ్చు. విద్యార్థులకు అరువు ఇవ్వడానికి కళాశాలలో ఎ క్లారినెట్ ఉందా అని చేరిన రోజే అడగమనండి. ఉన్న డబ్బంతా ఒక్క బి-ఫ్లాట్ మీదే పెట్టేస్తే అప్పుడు మళ్లీ అప్పు వెతుక్కోవాలి.

అందుకే ఫాల్గుణంలో చిట్టీ డబ్బుతో వైసీఎల్-450 స్థాయి వాయిద్యం కొనండి. పేరున్న కంపెనీది అయితే కోర్సు తర్వాత పైస్థాయికి మారాలనుకున్నప్పుడు అమ్ముకోవడం తేలిక.

ఈలోగా అమ్మాయి సాధన కుంటుపడకూడదు. బ్యాంకులోని డబ్బులో రూ.30,000 పక్కన పెట్టండి. ఇది నా అంచనా. మంచి మౌత్‌పీస్, దానికి రీడును బిగించే లిగేచర్, ఊదితే కంపించే పలుచని రీడ్లు నాలుగైదు పెట్టెలు, ఇప్పుడున్న వాయిద్యానికి రంధ్రాలను మూసే ప్యాడ్ల మరమ్మతు ఇందులోనే సర్దుకోవాలి. మౌత్‌పీస్ మారితే ప్లాస్టిక్ క్లారినెట్ కూడా ఎంత మారుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. రేపు చెక్కది కొన్నా ఇదే దానికీ పనికొస్తుంది. కాబట్టి ఈ ఖర్చు ఎక్కడికీ పోదు. ప్యాడ్లు మార్చాలో లేదో మీ ఇంట్లోనే తేలుతుంది. పైభాగం విడదీసి, రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, కింది చివర అరచేయి ఆనించి, పై నుంచి గాలి పీల్చమనండి. లోపల పట్టు నిలిచి, నోరు తీయగానే టప్పుమని చప్పుడు రావాలి. పట్టు మెల్లగా జారిపోతుంటే ఎక్కడో ప్యాడు కారుతోందన్నమాట. ఈ పరీక్ష రెండో భాగానికీ చేయించండి. మిగిలిన రూ.1,20,000 ఇంటికి దాదాపు అయిదు నెలల ధైర్యం. దాన్ని కదపకండి.

విద్యా రుణం దరఖాస్తు ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఒక పని తప్పకుండా చేయండి. కోర్సుకు అవసరమైన పుస్తకాలు, పరికరాలు, వాయిద్యాల ఖర్చును కూడా బ్యాంకులు రుణంలో లెక్కలోకి తీసుకుంటాయి. ఈ ఖర్చుకు ఫీజును బట్టి ఒక పరిమితి ఉంటుంది. మీకు ఎంత వస్తుందో మేనేజర్‌ను అడగండి. చెక్క క్లారినెట్ తప్పనిసరి అని కళాశాల నుంచి లేఖ, దుకాణం నుంచి కొటేషన్ తెచ్చి ఇప్పుడే జత చేయండి. మంజూరు అయ్యాక కొత్త ఖర్చు చేర్చమంటే చాలా తిప్పుతారు. ముందే మంజూరై ఉంటే, తీసుకున్న సొమ్ముకే వడ్డీ పడుతుంది, తీసుకోని దానికి పడదు. ఫాల్గుణానికి చిట్టీ పాట దిగకపోయినా, మాఘం మూఢంలో పోయినా ఆ సొమ్ము మీకు అండ. వాడుకోవాల్సి వస్తే లెక్క ఇది: రూ.1,80,000 మీద ఏడాదికి 10 శాతం అనుకుంటే నెలకు రూ.1,500. కోర్సు కాలంలో వాయిదాలు కట్టాల్సిన పని లేదు, కానీ వడ్డీ పేరుకుంటుంది. మూడేళ్లకు అది రూ.54,000. పెళ్లిళ్ల నెలల్లో ఆ వడ్డీ వరకైనా కట్టేస్తూ ఉండండి. అలా కట్టేవాళ్లకు వడ్డీ రేటులో రాయితీ ఉందేమో కూడా అడగండి. రూ.4 లక్షల లోపు విద్యా రుణానికి సాధారణంగా తాకట్టు అడగరు. బంగారం అవసరం లేదనడానికి ఇది ఇంకో కారణం.

ప్లాస్టిక్ క్లారినెట్‌ను మాత్రం అమ్మవద్దు. సెలవులకు వచ్చినప్పుడు అమ్మాయి మీ పక్కన నిలబడి వాయిస్తుంది కదా. వైశాఖం ఎండలో, బరాత్ ముందు మూడు గంటలు వాయించడానికి అదే సరైనది. చెక్కకు ఆ ఎండ పడదు, పగులు వస్తుంది. కొత్త చెక్క వాయిద్యాన్ని మొదటి కొన్ని వారాలు రోజుకు పదిహేను ఇరవై నిమిషాలకు మించి ఊదకూడదు. ఊదిన ప్రతిసారీ లోపలి తడి గుడ్డతో తీసేయాలి. చెన్నైలో గాలి తేమగా ఉంటుంది, మే నెల వరంగల్ పొడిగా ఉంటుంది. రెండు ఊళ్ల మధ్య తిరిగే పెట్టెలో తేమ నిలిపే చిన్న పొట్లం ఒకటి ఉంచండి. పగుళ్లకు వారంటీ ఎన్నాళ్లుందో రసీదు మీద రాయించుకోండి. రైల్లో పెట్టె సీటు కింద కాదు, తల దగ్గర ఉండాలి.

మీ ఉత్తరంలో చివర ఒక మాట రాశారు, పెళ్లి బాజా వాయించేవాడి కూతురని అక్కడ చిన్నచూపు చూస్తారేమోనని. ఆ భయం వద్దు. ఏ.కె.సి. నటరాజన్ గారు ఇదే క్లారినెట్ మీద కర్ణాటక సంగీతం వాయించి 2008లో సంగీత కళానిధి అందుకున్నారు, అదీ మీ అమ్మాయి వెళుతున్న చెన్నైలోనే. ముప్పై ఏళ్లు క్లారినెట్ విన్న చెవి ఇంట్లో ఉన్న విద్యార్థులు ఆ తరగతిలో ఎంతమంది ఉంటారు?

ఆ చెవిని కొనే రోజు వాడుకోండి. అమ్మాయి తన మౌత్‌పీస్ వెంట తెచ్చుకోవాలి. ఒకే రకం వాయిద్యాలు మూడు బయట పెట్టించండి. ఒకే రకంలోనూ ఒక్కో చెక్క ఒక్కోలా పలుకుతుంది. మీరు వీపు తిప్పి కూర్చోండి. ఏది ఏదో చెప్పకుండా మూడింటి మీదా ఒకే పాట వాయించమనండి, కింది స్థాయి నుంచి పై స్థాయికి గొంతు మారే చోట జాగ్రత్తగా వినండి. మీరు ఎంచుకున్నదీ అమ్మాయి ఎంచుకున్నదీ ఒకటే అయితే అది తీసుకోండి. కాకపోతే అమ్మాయి చెప్పినదే తీసుకోండి.