హైదరాబాద్ నేపథ్యంలో రాసే క్రైమ్ నవలలో క్యాబ్ డ్రైవర్‌ని డిటెక్టివ్‌గా పెడితే నమ్మబుద్ధేస్తుందా?

ఎందుకు నమ్మబుద్ధెయ్యదు? డ్రైవర్ వింటున్నాడన్న సంగతే చాలామందికి గుర్తుండదు. వెనక సీట్లో కూర్చుని ఆస్తి గొడవలు, అప్పులు, పెళ్లి సంబంధాలు అన్నీ ఫోన్లో మాట్లాడేస్తారు. పోలీసు కనబడితే మాత్రం నోరు మూసుకుంటారు.

అయితే అసలు బలం వినడంలో కంటే దారులు తెలియడంలోనే ఉందని నాకనిపిస్తుంది. ఒక ఉదాహరణ చెప్తాను. అనుమానితుడు "మెహదీపట్నం నుంచి బైక్ మీద పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి పది నిమిషాల్లో ఆరాంఘర్‌లో దిగాను" అంటాడు. వినడానికి బాగానే ఉంది. 2009లో మొదలైన ఆ ఫ్లైఓవర్ పొడవు 11.6 కిలోమీటర్లు, పైన సిగ్నళ్లు ఉండవు. కానీ దాని మీదికి బైకులను, ఆటోలను రానివ్వరు! రోజూ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు కొట్టే డ్రైవర్‌కి ఆ అబద్ధం అక్కడికక్కడే దొరికిపోతుంది. కింద పిల్లర్ల పక్కన ట్రాఫిక్‌లో రావాలంటే ఎంతసేపు పడుతుందో కూడా అతనే చెప్పగలడు.

ఇబ్బంది ఒక్కటే. ప్యాసింజర్ దిగిపోయాక డ్రైవర్‌కి మిగతా కథ తెలియదు. అందుకని అతన్నే అనుమానితుడిగా ఇరికించండి. చివరి ట్రిప్పు అతనిదే, యాప్‌లో రికార్డూ ఉంది. ఇక తన తల కాపాడుకోవడానికైనా నిజం తవ్వక తప్పదు.