ఆ పిల్ల మన ఇంటికొచ్చిన పిల్ల

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నా రూమ్మేట్‌ది మణిపూర్, చురాచాంద్‌పూర్ వైపు. అక్కడి గొడవల్లో వాళ్ల ఇల్లు కాలిపోయింది. అమ్మానాన్నలు శిబిరంలో ఉంటున్నారు. సెలవులకు వెళ్లడానికి ఇల్లు లేదంటే సంక్రాంతికి మా ఊరు తీసుకెళ్లాను. వెళ్లగానే మా అవ్వ "మీరేమిటోళ్లమ్మాయ్?" అని అడిగింది. మర్నాడు తనే ఆ పిల్లకు తల దువ్వి చామంతులు పెట్టింది. చిన్నాయన మాత్రం నాలుగు రోజులూ "చైనా పాప" అనే పిలిచాడు. కనుమ రోజు భోజనాల దగ్గర "కోడి సరిపోద్దా, కుక్కను తేవాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా నాయన తల వంచుకుని తింటున్నాడు. నేను కంచం నెట్టేసి చిన్నాయనను నోటికొచ్చినట్టు అన్నాను. "పెద్దోళ్లతో మాట్లాడే పద్ధతి ఇదేనా" అని నాయన నన్నే కేకలేశాడు. స్టేషన్‌కు కూడా రాలేదు. మూడు వారాలుగా మాటల్లేవు. అవ్వ మాత్రం ఫోన్ చేసి "ఆ పిల్ల అరిసెలు తినిందా?" అని అడుగుతోంది. నా ఫ్రెండ్ "పర్లేదు" అంటుంది గానీ మునుపటిలా లేదు. పోయిన ఏడాది కాలేజీలో భిన్నత్వంలో ఏకత్వం మీద మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్ వాళ్లు తననూ, మా సీనియర్ మెయితీ అమ్మాయినీ ఒకే వేదిక మీద దీపం వెలిగించేలా ఒప్పించమంటున్నారు. చిన్నాయనకు క్షమాపణ చెప్పాలా? వేసవి సెలవులకు ఇంటికి వెళ్లాలని లేదు. ఇంకో మాట. మా రొయ్యల గుంట కాపలా ఉండే యానాది గిరిజన కుటుంబం పండగ రోజు గేటు బయట విస్తళ్లలో తింటుంటే "వాళ్లు లోపలికి ఎందుకు రాలేదు?" అని ఆ పిల్ల అడిగింది. నాకు జవాబు తోచలేదు.
— ఓ విద్యార్థిని

జవాబు: ముందు నీ ఫ్రెండ్ సంగతి మాట్లాడుకుందాం తల్లీ. నాయన దగ్గరికీ చిన్నాయన దగ్గరికీ తర్వాత వద్దాం.

నేను 1983లో ఉత్తరాదిలో ఎమ్మే చదివాను. హాస్టల్ మెస్‌లో ఓ రోజు అన్నంలో చారు పోసుకుని చేత్తో కలుపుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న అమ్మాయి "మద్రాసీలు మోచేతి దాకా నాకుతారట కదా" అంది. బల్ల మొత్తం నవ్వింది. ఆ మాట అన్న అమ్మాయి మొహం ఇప్పుడు నాకు గుర్తు లేదు. నా పక్కనే కూర్చున్న నా రూమ్మేట్ తన కంచంలో రొట్టెను ముక్కలు ముక్కలుగా తుంచుతూ, తల ఎత్తకుండా ఉండిపోవడం మాత్రం నిన్న జరిగినట్టు గుర్తుంది. మేమిద్దరం ఒకే బకెట్‌తో నీళ్లు పట్టుకునేవాళ్లం. ఆ తర్వాత కూడా పట్టుకున్నాం. కానీ నేను ఆమెతో ఇంటి సంగతులు చెప్పడం మానేశాను. పరీక్షల ముందు ఓ రాత్రి ఆమే లేచి కూర్చుని, "ఆ రోజు నేను మాట్లాడాల్సింది" అంది. అంతే. ఇంకేం అనలేదు. నాకు ఆ ఒక్క మాట చాలింది.

నువ్వు మాట్లాడావు కదా అంటావు. నాలుగో రోజు మాట్లాడావు. "చైనా పాప" అని మొదటి రోజే అన్నాడు కదా మీ చిన్నాయన. ఆ రోజూ, మర్నాడూ, ఆ తర్వాతా నువ్వేం చేశావో ఉత్తరంలో రాయలేదు. బహుశా నవ్వి ఊరుకుని ఉంటావు. పండగ పూట గొడవెందుకులే అనుకుని ఉంటావు. ఇలా అంటున్నది నిన్ను తప్పుపట్టడానికి కాదు. మొదటి రోజు ఆయన్ను పక్కకు పిలిచి "చిన్నాయనా, ఆ పిల్లకు పేరుంది, పేరుతో పిలువు" అని మెల్లగా అని ఉంటే, కనుమ నాడు కంచం నెట్టేంత కోపం పోగయ్యేది కాదు. కాబట్టి నీ ఫ్రెండ్‌తో చెప్పాల్సింది ఒక్కటే: "మొదటి రోజే నేను ఆపాల్సింది, ఆపలేదు." మావాళ్లు మంచోళ్లే, మనసులో ఏమీ ఉండదు, పల్లెటూరి వాళ్లు కదా అని సంజాయిషీలు చెప్పొద్దు. నువ్వు ఏడిస్తే ఆ పిల్లే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. అది తన పని కాదు. ఆ మాట చెప్పి ఊరుకో. మునుపటిలా కావడానికి ఎన్ని రోజులు పడుతుందో తననే తేల్చుకోనివ్వు.

ఆ మాట తనకు ఎందుకంత లోతుగా తగులుతుందో కూడా తెలుసుకో. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ కుర్రాడు నీడో తానియాను ఢిల్లీ లజ్‌పత్ నగర్‌లో ముందు జుట్టు చూసి ఎగతాళి చేశారు. మాటా మాటా పెరిగి కొట్టారు. మర్నాడు ఆ కుర్రాడు చనిపోయాడు. ఈశాన్యం నుంచి చదువుకోసం బయటికొచ్చే పిల్లలు చాలామందికి ఈ కథ తెలిసే ఉంటుంది. మనకు వేళాకోళంగా వినబడే మాట, వాళ్లకు దెబ్బకు ముందు వచ్చే మాటగా వినబడుతుంది.

దీపం సంగతి. ఒప్పించొద్దు. మణిపూర్‌లో మెయితీలకూ కుకీలకూ మధ్య 2023 మే 3న మొదలైన ఘర్షణల్లో 250 మందికి పైగా చనిపోయారు. దాదాపు 60 వేల మంది ఇళ్లు వదిలి పోయారు. మెయితీలు కొండ ప్రాంతాల నుంచి, కుకీలు ఇంఫాల్ లోయ నుంచి ఖాళీ చేయాల్సి వచ్చింది. రెండు వైపులా తల్లులు ఏడ్చారు. శిబిరంలో అమ్మానాన్నలున్న పిల్లను, బంధువులు ఎవరెక్కడున్నారో తెలియని ఇంకో పిల్లను పట్టు చీరలు కట్టించి వేదిక మీద నిలబెట్టి ఫోటో తీస్తే, సామరస్యం వచ్చిందని మనకు అనిపిస్తుంది. వాళ్లిద్దరికీ మాత్రం ఆ ఫోటో ఊరికి చేరితే ఏమవుతుందోనని టెన్షన్. డిపార్ట్‌మెంట్ వాళ్లకు "నేను అడగను" అని చెప్పు. కారణం కూడా నువ్వే చెప్పు, తన మీద పెట్టకు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవాలనుకుంటే హాస్టల్ మెట్ల మీద కూర్చుని వాళ్లే మాట్లాడుకుంటారు.

ఇక ఇల్లు. మీ అవ్వనూ చిన్నాయననూ ఒకే గాటన కట్టొద్దు. "ఏమిటోళ్లు" అని అడిగింది మీ అవ్వ. అది మంచి ప్రశ్న అని నేననను. కానీ ఆమెకు మనిషిని తెలుసుకోవడానికి తెలిసిన ద్వారం అదొక్కటే. ఆ ద్వారం దాటి మర్నాడు దువ్వెన పట్టుకుని కూర్చుంది, చిక్కు తీసింది, పూలు పెట్టింది. ఇప్పుడు అరిసెలు తినిందా అని అడుగుతోంది. ఆమెకు తెలియదు, అంతే. తెలియని వాళ్లకు చెప్పొచ్చు. మీ చిన్నాయన వేరు. ఆయన అన్నది నలుగురినీ నవ్వించడానికి, ఒక పిల్లను చిన్నబుచ్చి. టోక్యోలో మీరాబాయి చాను వెండి పతకం గెలిచినప్పుడు ఆయనా టీవీ ముందు చప్పట్లు కొట్టే ఉంటాడు. ఆమెదీ మణిపూరే. మేరీ కోమ్‌దీ మణిపూరే. తెర మీద మనవాళ్లైన మొహాలు మన పంచలోకొస్తే చైనా ఎలా అయ్యాయో ఆయన్నే అడుగు. కోపంగా కాదు, నిజంగానే అడుగు.

మన నెల్లూరులో మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున జరిగే రొట్టెల పండగకు నువ్వు వెళ్లే ఉంటావు. బారాషహీద్ దర్గా పక్కన. 2015లో రాష్ట్ర పండగ చేశారు గానీ, అంతకు చాలా ముందు నుంచీ జనం వస్తున్నారు. మా అమ్మ నన్ను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు నాకు పదేళ్లుంటాయి. మోకాలి లోతు నీళ్లు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని "చదువు రొట్టె, చదువు రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?" అని అడుగుతూ నీళ్లలో నడిచింది. బురఖాలో ఉన్న ఒకామె చెయ్యి ఎత్తింది. గుడ్డలో చుట్టిన గోధుమ రొట్టె. సగం తుంచి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ అక్కడే నిలబడి తిని, ఓ ముక్క నా నోట్లో పెట్టింది. కోరిక తీరితే మళ్లీ వచ్చి రొట్టె ఇవ్వాలి. నేను పదో తరగతి పాసైన ఏడు మా అమ్మ రొట్టెలు చేసుకుని వెళ్లి, ఎవరో తెలియని పిల్ల చేతిలో పెట్టింది. మా ఇంట్లో వేరేవాళ్లకు వేరే గ్లాసు ఉండేది తల్లీ. అదే అమ్మ. అదే చెయ్యి. ఇంట్లో గ్లాసు వేరు పెట్టిన చేతితోనే చెరువులో రొట్టె అందుకుంది.

ఎందుకలా అని చాలా ఏళ్లు ఆలోచించాను. నాకు తోచింది ఇది. చెరువు దగ్గర ఒక పద్ధతి ముందే ఉంది. ఎవరూ ఏమిటోళ్లని అడగరు, కోరిక ఏమిటని మాత్రమే అడుగుతారు. ఎవరో ఎప్పుడో పెట్టిన ఆ పద్ధతిలోకి మా అమ్మ నీళ్లలో దిగినంత తేలిగ్గా దిగింది. ఇంటికొచ్చేసరికి ఇంటి పద్ధతి వేరు. మన జిల్లాల్లో హిందువుల ఇళ్లలోనూ మస్తానయ్యలూ మస్తానమ్మలూ ఉన్నారు, కసుమూరు మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుని పెట్టుకున్న పేర్లు. మీ వంశంలోనూ ఒకరు ఉండే ఉంటారు. అలాగని మనం పుట్టుకతోనే కలుపుగోలు మనుషులమని అనుకోకూడదు. మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితులను రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేయాల్సి వచ్చింది, ఇదే నెల్లూరులో. ప్రతిచోటా ఎవరో ఒకరు ముందు ఆ పద్ధతి పెట్టాలి. సంక్రాంతికి మీ ఇంట్లో ఆ పని నీది. ఫ్రెండ్‌ను తీసుకొస్తున్నానని ఫోన్‌లో చెప్పే ఉంటావు, సరే. ఆ పిల్ల పేరు ఎలా పలకాలో, వాళ్ల ఇల్లు ఏమైందో, ఏమి అడగకూడదో చెప్పావా? మీ అమ్మతోనైనా చెప్పావా? వచ్చేసారి ఎవరిని తీసుకెళ్లినా, పెట్టె సర్దుకోక ముందే ఈ మాటలు చెప్పు.

గేటు సంగతి నువ్వు చివర్లో తోసేశావు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో బరువైన వాక్యం అదే. యానాదులు మన పొలాల్లో, మన చెరువుల్లో ఎలుకలూ చేపలూ పడుతూ తరతరాలుగా బతుకుతున్నారు, ఇప్పుడు మన రొయ్యల గుంటలకు కాపలా ఉంటున్నారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసే బ్రిటిష్ చట్టం వాళ్ల మెడకు కూడా తగిలించారు, దేశమంతటా అది పూర్తిగా పోవడానికి 1952 దాకా పట్టింది. నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు వాళ్ల కోసం జీవితమంతా తిరిగారు. నీ ఫ్రెండ్ వేల మైళ్ల నుంచి వచ్చి, నాలుగు రోజుల్లో ఆ విస్తళ్లను చూసింది. నువ్వు ఇరవై ఏళ్లుగా చూస్తున్నావు. చిన్నాయన మాటకు నీకు కలిగిన మంట నిజమే. ఆ మంటలో కొంచెం ఆ గేటు దగ్గరికీ పట్టుకెళ్లు. వేసవిలో వెళ్లినప్పుడు ఆ కుటుంబంలో పిల్లలెవరు, ఏ బడి, ఏ తరగతి అని తెలుసుకో. మర్నాడే అందరినీ హాల్లో కూర్చోబెట్టాలని పట్టుబడితే వాళ్లే ఇబ్బంది పడతారు. ముందు పేర్లు తెలుసుకో. వరండాలో కుర్చీ వేసి టీ ఇవ్వు, అదే గ్లాసుల్లో, నువ్వూ వాళ్ల పక్కన కూర్చుని తాగు. నీ ఫ్రెండ్ అడిగిన ప్రశ్నకు "నాకూ తెలియదు, కానీ అది తప్పు" అని ఇవాళే చెప్పెయ్.

చిన్నాయనకు క్షమాపణ చెప్పాలా అన్నావు. అన్నం కంచం నెట్టినందుకు చెప్పు. వండిన మీ అమ్మకు ఇంకా ముందు చెప్పు. అన్న మాటల్లో బూతులుంటే వాటికీ చెప్పు. ఆపినందుకు మాత్రం చెప్పొద్దు. "చిన్నాయనా, కంచం నెట్టడం నా తప్పు. నువ్వన్న మాట నీ తప్పు. ఆ పిల్ల మన ఇంటికొచ్చిన పిల్ల" అను. ఆయన విసుక్కుంటాడు. ఫోన్ పెట్టేయొచ్చు కూడా. నీ మాట నువ్వు చెప్పావు, అది చాలు. ఆయన ఒప్పుకునేదాకా వెంటపడొద్దు.

నీకు అన్నిటికన్నా ఎక్కువ నొప్పి మీ నాయన దగ్గర అని నాకనిపిస్తోంది. స్టేషన్‌కు రాలేదని రాసిన చోట నీ చేతిరాత మారింది. తల వంచుకుని తిన్న మనిషి ఆ మాటకు నవ్వలేదు కదా? నవ్వి ఉంటే నువ్వు రాసేదానివి. తమ్ముణ్ని పదిమందిలో అనలేక, పదిమందిలో అరిచిన కూతుర్ని అన్నాడు. అది న్యాయం కాదు. కానీ ఆయన ఎక్కడ ఇరుక్కున్నాడో చూడు. సాయంత్రం గుంటల దగ్గర ఒంటరిగా ఉండే వేళ ఫోన్ చెయ్యి. చిన్నాయన ఊసు ఎత్తకు. "నాయనా, నువ్వు నా పక్కన ఒక్క మాట అంటావని ఎదురుచూశా" అని చెప్పి, ఆయన మౌనాన్ని కాసేపు ఓర్చుకో. మగవాళ్లు, ముఖ్యంగా మన వైపు వాళ్లు, ఇలాంటి మాటకు వెంటనే జవాబు చెప్పరు. రెండ్రోజులకు డబ్బులు చాలినాయా అని అడుగుతాడు చూడు. దాన్నే జవాబుగా తీసుకో.

వేసవికి వెళ్లు. నీ ఫ్రెండ్‌ను మళ్లీ రమ్మని ఇప్పుడే అడగొద్దు. తనకు రావాలనిపిస్తే అంటుంది. ఈలోగా మీ అవ్వ మళ్లీ ఫోన్ చేస్తుంది. అప్పుడు ఆ పిల్ల గదిలో ఉంటే "మా అవ్వతో మాట్లాడతావా?" అని అడుగు. వద్దంటే సరే. ఊ అంటే స్పీకర్ పెట్టు. అవ్వకు హిందీ రాదు, ఆ పిల్లకు తెలుగు రాదు. నువ్వు మధ్యలో కూర్చుని అటూ ఇటూ చెప్పు. ముందు ఆ పిల్ల పేరు అవ్వ చేత సరిగ్గా పలికించు, రెండుసార్లు తప్పు పలికినా సరే.