చర్చి మాట, ఇంటి మాట

అమ్మాయీ,

నీ కథ చదివాను. పూతలపట్టు దగ్గరి పల్లె, చర్చి మెట్లమీద విడిచిన చెప్పులు, మామిడి తోటల్లో కూలికి పోయే ఆడవాళ్లు, అన్నీ కళ్లకు కట్టాయి. అవ్వ ప్రార్థన దగ్గర మాత్రం ఆగిపోయాను. ఎనుము ఈనలేక అవస్థ పడుతుంటే, కొట్టంలో సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డ అవ్వ చేత “సర్వశక్తిమంతుడవైన తండ్రీ, నీ కృపాసనము ఎదుట సాగిలపడుచున్నాము” అనిపించావు. ఆదివారం ఆరాధనలో అయ్యగారు ఆ మాట అంటే నిండుగా ఉంటుంది. ఆ వేళ, ఆ కొట్టంలో, అవ్వ నోట ఎట్లా వస్తుంది?

మా వీధిలో ఉపవాస కూడికకు వచ్చే ఒక పెద్దమ్మ ప్రార్థన చెబుతాను విను. “నాయనా యేసయ్యా, ఎనుము ఈనేదానికుండాది, నువ్వు పక్కనుండు. పింఛను లిస్టులో నా పేరు ఎగరగొట్టేసినారు, ఆ సచివాలయం బిడ్డకి మంచి బుద్ధియ్యి. పెద్దోడు బెంగుళూరులో తాగకుండా చూడు.” ఆమె దేవుడికి, ఎనుముకు, సర్కారుకు మధ్య గోడలు కట్టుకోలేదు. నువ్వు కట్టావు. భక్తికి ఒక పేరా, ఊరి సంగతులకు ఒక పేరా, రాజకీయానికి చివర్లో ఒక ఉపన్యాసం. నా అభ్యంతరమంతా దాని గురించే.

అట్లాగని బైబిలు తెలుగును చిన్నచూపు చూడమనడం లేదు. 1818లో సెరంపూరులో తెలుగు కొత్త నిబంధన అచ్చయిన నాటి నుంచి, బడి గడప తొక్కనివ్వని ఇళ్లలోకి కూడా అచ్చు పుస్తకం రావడానికి ఒక దారి ఏర్పడింది. మా అమ్మ అక్షరాలు కూడబలుక్కున్నది మత్తయి సువార్తలోనే. కథలో ఎవరైనా వాక్యం చదివితే ఆ పాత భాష ఒక్క అక్షరం మార్చకుండా ఉంచు. మనిషి తన బాధ తాను చెప్పుకునేటప్పుడు మాత్రం ఆ మనిషి నోరే మాట్లాడాలి. అన్నమయ్య వేంకటేశ్వరుడికి లాలి పాడాడు, ఆయన్ని నిలదీశాడు కూడా. ఆ పాటలు చెక్కిన రాగిరేకులు దొరికిన కొండ కింద పుట్టినవాళ్లం. దేవుడితో ఇంటి మాటల్లో మాట్లాడటం మన ప్రాంతానికి కొత్త కాదు. మన దేవుడు వేరైనంత మాత్రాన ఆ చనువు వదులుకోనక్కర్లేదు.

ఇక తిరుమల లడ్డు. నీ కథలో పక్కింటావిడ లడ్డు తెచ్చిస్తుంది, మీ అమ్మ తీసుకుంటుంది, అంతే, ముందుకు పోయావు. కథంతా అక్కడుంటే ఎట్లా దాటేశావమ్మా? తిరుపతి చుట్టుపక్కల ప్రతి క్రైస్తవ ఇంటికీ ఈ పరీక్ష వస్తూనే ఉంటుంది. ఒక ఇంట్లో కళ్లకద్దుకోకపోయినా సంతోషంగా తింటారు. ఒక ఇంట్లో తీసుకుని పనిపిల్లకు ఇచ్చేస్తారు. ఇంకో ఇంట్లో “మేం తినమక్కా” అని గుమ్మంలోనే చెప్పేస్తారు, ఆ తర్వాత ఆ రెండిళ్ల మధ్య గిన్నెలు తిరగడం మానేస్తాయి. విగ్రహాలకు పెట్టినవి తినవచ్చా అనే ప్రశ్నకు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8వ అధ్యాయమంతా కేటాయించాడు. విగ్రహం వట్టిదే అంటాడు, అయినా నీ తిండి చూసి బలహీనుడైన సహోదరుడు తడబడితే అది పాపమంటాడు. మీ అమ్మ ఆ లడ్డు చేతిలో పట్టుకుని ఎవరి గురించి ఆలోచించింది? పక్కింటావిడ గురించా, సంఘం గురించా, చూస్తున్న నీ గురించా? అది రాయి. టీవీ చర్చల్లో మతం గురించి అరిచేవాళ్లు ఆ గుమ్మం దాకా ఎప్పుడూ రారు.

రాజకీయం దగ్గర నీ పాత్ర పేజీన్నర మాట్లాడింది. మొత్తం తీసెయ్. విషయం నిజం కాదని కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే ఎస్సీలుగా గుర్తించింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు, క్రైస్తవులైన దళితులు బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ మిగిలింది. చిత్తూరు, తిరుపతి లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీ రిజర్వుడే. కాబట్టి ఎస్సీ సర్టిఫికెట్ అనే ఆ కాగితం మీద సీటు, ఉద్యోగం, పదవి అన్నీ ఆధారపడి ఉంటాయి. ఆ ఉత్తర్వు అన్యాయమని నా గట్టి నమ్మకం. దేవుణ్ణి మార్చుకున్నంత మాత్రాన ఊరు వాళ్ల కులాన్ని మరిచిపోలేదు. కానీ ఇది పాత్ర చేత చెప్పిస్తే పాఠకుడు తలూపి పేజీ తిప్పేస్తాడు. ఆ సర్టిఫికెట్ విచారణకు వీఆర్వో వస్తున్నాడని తెలిసి, గోడమీది యేసు పటం తీసి బీరువాలో చీరల కింద పెట్టే తండ్రిని చూపించు. పటం తీశాక గోడమీద మిగిలిన తెల్లటి చదరాన్ని ఏ క్యాలెండరుతో కప్పాడో రాయి. ఆయన్ని తప్పు పట్టొద్దు, వెనకేసుకు రావొద్దు.

మనవాళ్లకూ మినహాయింపు ఇవ్వకు. చర్చిలో ఒకే గిన్నెలోది ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) పుచ్చుకున్నవాళ్లు వియ్యం మాటకొచ్చేసరికి మాలా, మాదిగా అని అడుగుతారు. ఎలక్షన్ల ముందు ఆదివారం అభ్యర్థి వచ్చి మోకరిస్తే, వాక్యం ఆపి మైకు ఇచ్చే సంఘాలున్నాయి. అవి నాకు చాలా బాధ కలిగించే విషయాలు. వాటిని రాయకుండా బయటివాళ్ల ద్వేషం గురించి మాత్రమే రాస్తే నీ కథను ఎవరూ నమ్మరు.

చర్చి పెద్దలకు కోపం వస్తుందేమోనని టెన్షన్ పడుతున్నానని రాశావు. వస్తుంది. అచ్చయ్యాక ఒక కాపీ నువ్వే తీసుకెళ్లి పాస్టరుగారికి ఇవ్వు. ఎవరి నోటో వినడం కన్నా నీ చేతినుంచి అందడం మేలు. కూర్చోమంటే కూర్చుని మాట్లాడు. ఊరి పేరు, ఇంటి ఆనవాళ్లు మాత్రం ఇప్పుడే మార్చెయ్, సర్టిఫికెట్ సంగతి వచ్చే చోట మరీ జాగ్రత్త. కథ చదివి ఎవరైనా ఆఫీసులో అర్జీ పెడితే పోయేది నీ పేరు కాదు, మీ తమ్ముడి సీటు.