బయట ఉన్న కుర్రాడికి ఏం కావాలి?

చిరంజీవికి,

నువ్వు పంపిన నీ నవల మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. కథానాయకుడు పదిహేనేళ్ల కుర్రాడు, స్కూల్లో ఎవరితోనూ కలవడు, ఎప్పుడూ ఒక్కడే. భాష బాగుంది. వాక్యం ఎక్కడ ఆపాలో నీకు తెలుసు, అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. కానీ ఒక విషయం మాత్రం నన్ను చివరిదాకా ఇబ్బంది పెట్టింది. మీ వాడు క్లాసులో అందరినీ చూసి "అంతా నాటకాలరాయుళ్లు" అనుకుంటాడు. నువ్వూ వాడికి వంత పాడావు. మిగతా పిల్లల్లో ఒక్కరికీ పేరు లేదు, మొహం లేదు. నవ్వుతారు, అరుస్తారు, సెల్ఫీలు దిగుతారు, అంతే. వాళ్లు నిజంగా అంత పనికిమాలిన వాళ్లయితే, వాళ్లలో కలవలేకపోయినందుకు వీడికి బాధ దేనికి?

వాడికి ఏం కావాలో నువ్వింకా తేల్చుకోలేదు. ఈ తరహా నవలకి ప్రాణం అక్కడే ఉంది. బయట ఉండిపోయిన పిల్లలకి లోపలికి రావాలని ఉంటుంది. చచ్చినా ఒప్పుకోరు, కొందరు ఆ సంగతి తమకి తామే చెప్పుకోరు. ఆ కోరిక లేనివాడు హాయిగా ఇంటికెళ్లి నిద్రపోతాడు, వాడి మీద నవల రాయలేం.

నువ్వు శాలింజర్ 1951 నాటి నవల 'ద క్యాచర్ ఇన్ ద రై' చదివావని నీ రాతలోనే తెలుస్తోంది. అందులో కథ చెప్పే కుర్రాడు హోల్డెన్ తిట్లు నీకు బాగా పట్టుబడ్డాయి. ఈసారి తిట్లు పక్కన పెట్టి, వాడు చేసే పనులు మాత్రమే చూస్తూ చదువు. లోకమంతా దొంగ వేషమని కసురుకునే ఆ కుర్రాడు రాత్రిపూట ఎవరికి ఫోన్ చెయ్యాలా అని వెతుక్కుంటాడు. ముక్కూమొహం తెలియని టాక్సీ డ్రైవర్ని కూడా ఎక్కడైనా ఆగి ఏదైనా తాగుదాం రమ్మంటాడు. నోటితో అందరినీ తోసేస్తాడు, కాళ్లు మాత్రం మనుషుల వైపే నడుస్తాయి. మనకి వాడి మీద అంత ప్రేమ పుట్టేది అందుకే. నువ్వు నోరు తీసుకున్నావు, కాళ్లు వదిలేశావు.

కార్సన్ మెకల్లర్స్ 1946లో వేసిన 'ద మెంబర్ ఆఫ్ ద వెడ్డింగ్' కూడా సంపాదించి చదువు. ఫ్రాంకీకి పన్నెండేళ్లు. ఏ జట్టులోనూ చోటు లేదు. అన్నకి పెళ్లి కుదిరింది. పెళ్లయ్యాక అన్నా వదినలతో తనూ వెళ్లిపోతుందట, ఇక ముగ్గురూ ఎప్పటికీ ఒకటేనట! అది జరగదని మనకి మొదటే తెలుసు. అయినా పేజీ తిప్పుతుంటే గుండె పట్టేస్తుంది, ఎందుకంటే ఆ పిల్ల ఏం కోరుకుంటోందో ఇంత స్పష్టంగా కనబడుతోంది కదా. ఇంకోటి చూడు. ఫ్రాంకీ ఈ మధ్య బాగా పొడుగైపోయింది. ఇలాగే పెరుగుతూ పోతే చివరికి ఎంతవుతానా అని లెక్క కడుతుంది. తొమ్మిది అడుగులు దాటిపోతానని తేలుతుంది. "ఆమెకు తన శరీరం పరాయిగా అనిపించింది" అని రచయిత్రి రాసుంటే మనం చదివి మర్చిపోయేవాళ్లం. ఆ పిల్ల చేత లెక్క కట్టించింది. భయమూ పసితనమూ రెండూ ఆ లెక్కలోకే వచ్చేశాయి.

నీ రెండో అధ్యాయంలో "అతడిని ఒంటరితనం కమ్మేసింది" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. నాలుగూ కొట్టెయ్. ఆ వయసు పిల్లలు ఒంటరితనాన్ని దాచడానికి పడే పాట్లు రాయి. లేసు ఊడకపోయినా వంగి కట్టుకుంటూ కూర్చోవడం, ముందెళ్లే గుంపు దూరమయ్యేదాకా. ఫోన్‌లో ఏమీ లేకపోయినా ఏదో వచ్చినట్టు చూసుకోవడం. జోకు అర్థం కాకపోయినా అందరితో పాటు నవ్వడం, ఆ నవ్వు కాస్త ఆలస్యంగా రావడం, ఆ ఆలస్యాన్ని ఎవరో గమనించడం. రేపు ఫలానా వాళ్లతో ఏం మాట్లాడాలో రాత్రే ప్రాక్టీసు చేసుకుని, తీరా ఆ సమయం వచ్చేసరికి మాట పెగలక ఊరుకోవడం. వీటిలో ఏ ఒక్కదాన్ని దగ్గర్నుంచి చూపించినా ఆ నాలుగు వాక్యాల అవసరం ఉండదు.

బయటివాళ్లకీ తమదనుకునే ఒక 'లోపల' ఉంటుంది, అది మర్చిపోకు. ఎస్.ఇ. హింటన్ 'ద అవుట్‌సైడర్స్' మొదలుపెట్టినప్పుడు ఆమెకి పదిహేనేళ్లు. 1967లో పుస్తకం వచ్చేనాటికి పద్దెనిమిది. అందులో పేద కుర్రాళ్ల జట్టుకి నూనె రాసి దువ్విన పొడుగాటి జుట్టే గుర్తు, అదే గర్వం. పోలీసులకి దొరక్కుండా దాక్కోవాల్సి వచ్చినప్పుడు ఆ జట్టులోని పోనీబాయ్ అనే కుర్రాడి జుట్టు కత్తిరించి రంగు మార్చేస్తారు. పెద్దవాళ్లకి అది చిన్న విషయం. వాడికి మాత్రం, ఉన్న ఒక్క గుర్తూ పోయినట్టే. మీ వాడి దగ్గర అలాంటిది ఏముంది? పోతే వాడు తట్టుకోలేనిది ఏది? నాకు కనబడలేదు.

కథ చెప్పే గొంతు గురించి ఒక్క మాట. మీ వాడు పదిహేనేళ్లకే తన బాధని ముప్పై ఏళ్లవాడిలా విడమర్చి చెప్తున్నాడు. హోల్డెన్ పదిహేడేళ్లప్పుడు పదహారేళ్లనాటి సంగతులు చెప్తాడు. మధ్యలో ఏడాది కూడా సరిగ్గా లేదు, అందుకే తనకేం జరిగిందో వాడికి సగమే తెలుసు, మిగతా సగం మనం గ్రహిస్తాం. ఎంత దూరం నుంచి చెప్తున్నాడో ముందు నిర్ణయించుకో. ఆ దూరానికి అందని తెలివి వాడి నోట్లో పెట్టకు.

చివర్లో వక్తృత్వ పోటీలో గెలుస్తాడని, క్లాసంతా చప్పట్లు కొడుతుందని ఉత్తరంలో రాశావు. వద్దు. నిన్నటిదాకా పట్టించుకోనివాళ్లు కప్పు చూసి దగ్గరికొస్తే, కప్పు లేని పిల్లలకి నీ నవల ఏం చెప్పినట్టు? చావు కూడా వద్దు. ఇలాంటి పిల్లల్ని చంపేసి కన్నీళ్లు పెట్టించడం చాలా సులువు. ఈ పుస్తకం చదివే పిల్లల్లో అలాంటి ఆలోచనకి దగ్గరగా ఉన్నవాళ్లు ఉండొచ్చు. క్లాసంతా చప్పట్లు కొట్టక్కర్లేదు, ఒక్క మనిషి వాడిని గమనించినా చాలు. ఆ మనిషి మొదటి అధ్యాయం నుంచే ఆ గుంపులో ఉండాలి, పేరుతో సహా.

మెట్ల దగ్గర అందరూ నిలబడి ఉండగా వాడు పక్కనుంచి వెళ్లిపోయే సీను ఉంది కదా, ముందు అదొక్కటే తిరగరాసి పంపు. ఈసారి వాడు అక్కడ ఆగాలనుకుంటున్నాడని నాకు తెలియాలి. నాలుగో అధ్యాయం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.