పాప ఎత్తు తగ్గిందా?

ప్రశ్న: మాది విజయవాడ భవానీపురం. పాపకు రెండేళ్లు నిండి నెలయింది. బరువు 9.8 కిలోలు. రెండు నెలల కిందట అంగన్‌వాడీలో పడుకోబెట్టి కొలిస్తే 82.5 సెం.మీ. వచ్చింది. ఈసారి నిలబెట్టి కొలిస్తే 82 మాత్రమే. అన్నం ముట్టదు, సీసాతో పాలు మాత్రం రోజుకు ఐదుసార్లు తాగుతుంది. టానిక్ రాయించమని మా అత్తగారు పోరుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పాప ఎత్తు తగ్గలేదమ్మా, కొలిచే పద్ధతి మారింది. రెండేళ్లలోపు పడుకోబెట్టి, ఆ తర్వాత నిలబెట్టి కొలుస్తారు. నిలబెడితే దాదాపు 0.7 సెం.మీ. తక్కువ వస్తుంది. కాబట్టి పాత కొలతను 81.8 అనుకోండి. అలా చూసినా పెరిగింది 0.2 మాత్రమే. ఈ వయసులో రెండు నెలలకు ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా పెరగాలి. నాకు కొలత మీదే అనుమానం. ఏడుస్తున్న పిల్ల మోకాళ్లు ముడిచినా, నెత్తిమీద పిలక ఉన్నా లెక్క తప్పుతుంది. పిలక విప్పి, చెప్పులు తీసి, ఒకరు కాళ్లు కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు రెండుసార్లు కొలవాలి. అంగన్‌వాడీ టీచరమ్మను అడగండి, మళ్లీ కొలుస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాల ప్రకారం ఈ వయసు ఆడపిల్లకు కింది హద్దు బరువులో 9.2 కిలోలు, ఎత్తులో 80 సెం.మీ. మీ పాప రెండింటికీ పైనే ఉంది. ఎత్తుకు తగ్గ బరువూ ఉంది. పక్కింటి పిల్ల బొద్దుగా ఉందని పోల్చుకోకండి. తల్లీబిడ్డల కార్డులో నెలనెలా చుక్కలు పెట్టించి, గీత పైకి పోతోందా, అడ్డంగా సాగుతోందా చూడండి.

నన్ను కలవరపెట్టేది ఆ పాలసీసా. ఐదుసార్లంటే లీటరు దాకా పోతుంటుంది. కడుపు పాలతోనే నిండితే అన్నం ఎక్కడికి పోతుంది? పాలలో ఇనుము బాగా తక్కువ, రక్తహీనత వస్తుంది, దానివల్ల ఆకలి ఇంకా చస్తుంది. సీసా మాన్పించి గ్లాసుతో, రోజంతా కలిపి అరలీటరు మించకుండా ఇవ్వండి. ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు, ఆకుకూర, అంగన్‌వాడీ బాలామృతం మీ ఇంట్లో తినేట్టే పెట్టండి. అత్తగారికి నా మాటగా చెప్పండి, ఆకలి టానిక్ వద్దు. ఒకసారి హిమోగ్లోబిన్ చూపించి, తక్కువుంటే డాక్టరు రాసిన ఐరన్ సిరప్ వాడండి.

జబ్బ చుట్టుకొలత టేపుతో కూడా చూడమనండి. 12.5 సెం.మీ. పైన ఉంటే ఫర్వాలేదు. 11.5 కన్నా తగ్గినా, రెండు పాదాలూ వాచినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. బరువు వరుసగా రెండు నెలలు కదలకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి, కార్డు తప్పక వెంట ఉండాలి.